ట్రంకుపెట్టె విప్పే ముందు

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు నగరం మీద పడ్డాయి. ఆ వరదలో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి చేరింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు గానీ, బీరువా కింది అరల్లోని కాగితాలు తీసుకునే వ్యవధి చాలామందికి లేకపోయింది. పన్నెండేళ్ల తర్వాత, 2021 నవంబరు 19న, అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేటి ఒడ్డున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. పోయిన ఇంటికి పరిహారం అడగాలన్నా ఆ ఇల్లు తమదేనని చెప్పే కాగితం కావాలి. ఆ కాగితమూ ఆ ఇంట్లోనే ఉండింది.

వాన కోసం మొగులు చూసే రాయలసీమలో కాగితాలకు నీటిగండం ఉంటుందని ఎవరూ అనుకోరు. మామూలు రోజుల్లో ఇక్కడి శత్రువులు వేరు. మట్టిమిద్దె గోడల్లోంచి వచ్చే చెదలు కొయ్యపెట్టె అడుగు నుంచి మొదలుపెట్టి పైకి తింటూ పోతాయి; పైన కట్ట చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలకు పాత కాగితం పెళుసెక్కి మడత దగ్గర తునిగిపోతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ఇచ్చిన బిల్లు, ఏటీఎం చీటీ వంటివి వేడికి రంగు మారే థర్మల్ కాగితం మీద అచ్చయితే రెండు మూడు వేసవులకే అక్షరాలు మాయమవుతాయి.

అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో చేతిసంచిలో పట్టే డాక్యుమెంట్ స్కానర్ మీద ఆసక్తి పెరుగుతోంది. పిల్లలు బెంగళూరులోనో కువైట్‌లోనో ఉంటారు. భూమి కాగితం నందికొట్కూరులోనో రాయచోటిలోనో ఉంటుంది. బ్యాంకువాళ్లు అడిగిన ప్రతిసారీ పెద్దాయన కట్ట విప్పి, జిరాక్స్ అంగడి దాకా నడిచి, తిరిగొచ్చి మళ్లీ కట్టాలి. ఇలా తిరిగిన ప్రతిసారీ కాగితం ఇంత అరుగుతుంది, ఒక్కోసారి అంగట్లోనే మిగిలిపోతుంది. స్కానర్ ఈ బాధ తీరుస్తుంది. అయితే యంత్రం చేసేది పనిలో చిన్న భాగమే. పెద్ద భాగం ఆ కాగితాలు ఏమిటో తెలిసిన మనిషి పక్కన కూర్చుని, ఒక్కొక్కదానికి పేరు పెట్టించుకోవడం. ఆ మనిషి ఇంట్లో ఉండగానే ఈ పని పూర్తి కావాలి.

కడప ఈ పాఠం రెండు వందల ఏళ్ల కిందటే చూసింది. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కింద పనిచేసిన తెలుగువాళ్లు ఊరూరా తిరిగి కరణాలనూ పెద్దలనూ అడిగి, వాళ్ల దగ్గరున్న కవిలెలనే పాత లెక్కల పుస్తకాలు చూసి, కైఫియత్తులనే ఊరి చరిత్రలు రాయించారు. ఊళ్లలోని అసలు కవిలెలు చాలా మటుకు పోయాయి. రాయించిన నకళ్లు మిగిలాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది కాబట్టి ఇవాళ ఒక హైస్కూలు పిల్లవాడు కూడా తన ఊరి కైఫియత్తు వెతికి చదువుకోగలడు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొరదీ ఇదే తోవ. పురుగు తింటున్న తాళపత్రాలు తెప్పించాడు, తన బంగళాలో పండితులను పెట్టుకుని నకళ్లు రాయించాడు, ఒకే గ్రంథానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పోల్పించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆ కేంద్రం గ్రంథాలయం ఉంది. ఈ ఇద్దరి పనిలోనూ రాతగాడి చెయ్యి ఎంత ముఖ్యమో, అది ఏమిటో వివరించి చెప్పిన మనిషి నోరు అంత ముఖ్యం.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల పదవులు రద్దు చేసింది. ఆ వ్యవస్థలో అన్యాయాలు లేవని కాదు. కానీ ఏ చేను ఎవరి తాత నుంచి ఎవరికి వచ్చిందో నోటితో చెప్పగలిగిన మనిషి ఊరి కచేరీలో లేకుండా పోయాడు. ఇప్పుడు ఆ జ్ఞాపకం ఇంటి పెద్దల దగ్గరే ఉంది. ఎనభై ఏళ్ల అవ్వకు చదువు రాకపోవచ్చు. కాగితం మీద వేలిముద్ర చూపిస్తే 'అది మా చిన్నాయనది, బావికాడి చేను కొన్నప్పటిది' అని చెప్పేస్తుంది. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ మాట చెప్పలేదు.

కాబట్టి మొదటి రోజు స్కానర్ పెట్టెలోంచి బయటికి తియ్యాల్సిన పనే లేదు. ఒక మంచి దుప్పటి పరిచి, ట్రంకుపెట్టె దాని మీద ఖాళీ చేసి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. కాగితాలను రకాలుగా వేరు చేయడం చాలామంది చేసేదే. ఇక్కడ ఇంకో విభజన ఎక్కువ ఉపయోగపడుతుంది: ఏ కాగితానికి ఇంకెక్కడా నకలు లేదు?

రిజిస్టర్ అయిన క్రయ దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఉంటుంది. పోతే ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్ మీదికి వచ్చాయి. అంతకు ముందువి ఆఫీసు వాల్యూముల్లో చేతిరాతతో ఉంటాయి, వెతకడానికి దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే చాలా సులువు. అడంగల్, 1బీ వంటి భూమి రికార్డులు మీభూమి పోర్టల్‌లో దొరుకుతాయి. మార్కుల జాబితా పోతే బోర్డు డూప్లికేట్ ఇస్తుంది. కానీ తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు రాసుకున్న భాగాల చీటీ, ప్రామిసరీ నోటు, నలభై ఏళ్ల కిందటి శిస్తు రసీదు, కేసీ కెనాల్ కింది చేనుకు కట్టిన నీటితీరువా రసీదు... ఇవి పోతే పోయినట్టే. లోకంలో ఇంకో ప్రతి ఉండదు. ముందు స్కాన్ చేయాల్సింది వీటిని. పసుపు పూసిన పెద్ద దస్తావేజు ముందు గౌరవంగా కూర్చుని, ఈ చిన్న చీటీలను చిత్తు కాగితాల్లో పడేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

శిస్తు రసీదు విలువ తెలియాలంటే చుక్కల భూముల సంగతి చూడాలి. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో కొన్ని సర్వే నంబర్ల ఎదుట పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో ఉత్త చుక్కలు పెట్టి వదిలేశారు. మూడు తరాలుగా సాగు చేసుకుంటున్నవాళ్లు కూడా ఆ చుక్కల వల్ల అమ్ముకోలేక, రిజిస్టర్ చేయించుకోలేక ఇబ్బంది పడ్డారు. 2017లో ఆంధ్రప్రదేశ్ దీనికోసం ప్రత్యేక చట్టం చేసింది; పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు కాగితాలతో రుజువు చూపించమంది. అప్పుడు పనికొచ్చింది ఆ పాత రసీదులే. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోయిన కర్నూలు ప్రాంత కుటుంబాల కథా ఇలాంటిదే. ముంపు 1980ల మొదట్లో వచ్చింది. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 1986లో వచ్చింది. దాని కింద హక్కు అడిగే పోరాటం దశాబ్దాలు సాగింది. మునిగిన ఊళ్లో తమకు ఇల్లో చేనో ఉండేదని అంతకాలం తర్వాత కూడా కాగితం చూపాల్సి వచ్చింది.

ప్రభుత్వం దగ్గర నకలు ఉంది కదా అన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. అటువంటప్పుడు ఇంట్లో స్పష్టమైన ప్రతి ఉన్నవాడికి ఏమి అడగాలో, ఏ నంబరుతో అడగాలో అయినా తెలుస్తుంది.

ఇక యంత్రం సంగతి. చిన్న డాక్యుమెంట్ స్కానర్లలో రెండు తరహాలున్నాయి. ఒకటి, ఒక్కో కాగితం చేత్తో అందించేది. ఒకప్పటి ఫుజిట్సు, ఇప్పటి రికో కంపెనీ స్కాన్‌స్నాప్ ఐఎక్స్100 ఈ కోవది: బరువు 400 గ్రాములు, లోపలే బ్యాటరీ. కరెంటు పోయినా, పొలం దగ్గరైనా పనిచేస్తుంది. రెండోది, కట్టగా పెడితే తానే లాక్కునేది. క్యానన్ ఆర్10 ఇరవై కాగితాలు పట్టుకుని, నిమిషానికి పన్నెండు చొప్పున, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. స్కాన్‌స్నాప్ ఐఎక్స్1600 యాభై పట్టుకుని నిమిషానికి నలభై లాగుతుంది, దాని ధరా అలాగే ఉంటుంది. ఒక ఇంటి ట్రంకుపెట్టెకు పెద్ద యంత్రం అక్కర్లేదు. ఆడిటర్‌కో, వకీలుకో, ఆదోని పత్తి వ్యాపారికో అయితే కట్టలు లాగే యంత్రం కొన్నాళ్లకే ఖర్చు తీర్చుకుంటుంది. ఒక్క ఇంటి పనే అయితే నలుగురు దాయాదులు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకోవడం మంచి ఆలోచన.

ఈ యంత్రానికి పెట్టకూడని కాగితాలు కొన్ని ఉన్నాయి. దారంతో కుట్టిన పాత దస్తావేజు కుట్టు విప్పి స్కానర్‌లో పెట్టడం పెద్ద తప్పు. విప్పిన కుట్టు చూస్తే రేపు ఎవరైనా మధ్య పేజీ మార్చారేమో అని అనుమానిస్తారు. పాసుపుస్తకం రోలర్ల మధ్య దూరదు. మడతల దగ్గర చిరిగిన కాగితం లోపల చిక్కుకుని ముక్కలవుతుంది. లామినేషన్ చేసిన గట్టి అట్టలు కూడా ఇబ్బంది పెట్టొచ్చు. వీటికి బల్లపరుపు స్కానర్ గానీ, కిటికీ వెలుగులో నిటారుగా తీసిన ఫోన్ ఫొటో గానీ మేలు. అంటే ఇంటిల్లిపాదీ ఎంతో విలువైనవనుకునే కాగితాల్లో సగం ఈ యంత్రానికి పనికిరావు. విడివిడిగా ఉన్న వందల చీటీలు, రసీదులు, సర్టిఫికెట్లు, ఆసుపత్రి కాగితాలు, పెన్షన్ ఫైళ్లు దీని పని. కొనే ముందు ఇది తెలుసుకోవడం మంచిది.

సెట్టింగులు ఒక్కసారి సరిగా పెట్టుకుంటే చాలు. 300 డీపీఐ, రంగుల్లో, రెండు వైపులా. ఆఫీసు ముద్ర ఊదారంగులో ఉంటుంది, సంతకం నీలంలో ఉంటుంది. నలుపు తెలుపులో తీస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడి మసకబారతాయి. 300 డీపీఐ దగ్గర ఏ4 కాగితం 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల పొడవుగా నమోదవుతుంది; మామూలు చదువుకూ, మళ్లీ అచ్చు వేయడానికీ సరిపోతుంది. 600 పెడితే చుక్కలు నాలుగింతలవుతాయి, ఫైలు బరువూ పెరుగుతుంది. మాసిపోయిన కాపీయింగ్ పెన్సిలు రాతకో, చిన్న ముద్రకో తప్ప దాని అవసరం రాదు.

రెండు సౌకర్యాలను మాత్రం ఆపేయాలి. ఖాళీ పేజీలను యంత్రమే తీసేసే సౌకర్యం మొదటిది. స్టాంపు కాగితం వెనకవైపు చూడ్డానికి ఖాళీగానే ఉంటుంది. కానీ స్టాంపు వెండరు ముద్ర, అమ్మిన తేదీ, రిజిస్ట్రార్ ఆఫీసు ఎండార్స్‌మెంటు అక్కడే ఉంటాయి. ముద్ర వెలిసిపోతే యంత్రం దాన్ని ఖాళీ అనుకుని పారేస్తుంది. రెండోది అంచులను తానే కత్తిరించే సౌకర్యం. అంచు మీద వేసిన వేలిముద్ర దానితో పోతుంది. స్టాంపు కాగితం ఏ4 కంటే పొడవు కాబట్టి కాగితం సైజు కూడా పెద్దదిగా పెట్టుకోవాలి. లేకపోతే చివరి సాక్షి సంతకం బయటే ఉండిపోతుంది.

ఇక్కడి గాలికి ఇంకో జాగ్రత్త. స్కాన్ చేసిన పేజీ మీద పైనుంచి కిందికి సన్నని గీత కనిపిస్తే యంత్రం చెడిపోయిందని బెంబేలు పడతారు. ఇందులో సెన్సార్ కదలదు, కాగితమే దాని మీదుగా జారుతుంది. అద్దం మీద ఒక్క ధూళి రేణువు పడితే అది ప్రతి పేజీ మీదా గీతై సాగుతుంది. మెత్తటి పొడిగుడ్డతో అద్దం తుడిస్తే పోతుంది. ఎర్రమట్టి గాలి లేచే సాయంత్రాలు కిటికీలు మూసి పని చేయడం, అయ్యాక మూత పెట్టడం చాలు. చెదల మట్టి అంటిన కాగితాన్ని బయటే మెత్తని బ్రష్షుతో దులిపి లోపలికి తేవాలి. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తీయకుండా పెడితే అద్దం మీద పడే గీత మళ్లీ పోదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది పేర్ల మీద. యంత్రం తనంతట తాను ఫైలుకు ఏదో తేదీ, ఏదో నంబరు పెడుతుంది. అలాంటివి మూడు వందలు పోగైతే ట్రంకుపెట్టెలో వెతకడం కన్నా కంప్యూటర్లో వెతకడమే కష్టం. పేరులో నాలుగు విషయాలుంటే చాలు: సంవత్సరం, కాగితం రకం, ఊరు, నంబరు. ఉదాహరణకు '1987 క్రయం - ఊరి పేరు - సర్వే 214-2ఏ - దస్తావేజు 1126'. కాగితం మీద 214/2ఏ అని ఉంటుంది గానీ, కంప్యూటర్ ఫైలు పేరులో ఏటవాలు గీతను ఒప్పుకోదు కాబట్టి అడ్డగీత పెట్టాలి. సంవత్సరం ముందుంటే ఫైళ్లు తమంతట తాము కాలక్రమంలో నిలబడతాయి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ వరుసే చెబుతుంది.

రెవెన్యూ రసీదుల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1380 అంటే 1970 జులై నుంచి 1971 జూన్ దాకా. ఫైలు పేరులో రెండూ రాయాలి. జిల్లా పేరు మీద మాత్రం ఆధారపడకూడదు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లా వేరయ్యాయి. 1985కు ముందు మండలాలే లేవు, తాలూకాలుండేవి. ఊరి పేరు ఒక్కటే నిలకడ. రీసర్వే జరిగిన ఊళ్లలో సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది, పాతదీ కొత్తదీ కలిపి రాసుకోవాలి. పాత నంబరుతోనే పాత కాగితాలన్నీ మాట్లాడతాయి.

పెద్దవాళ్లను అడగాల్సిందీ ఇప్పుడే. ఈ చేనును ఇంట్లో ఏమని పిలుస్తారు? చెక్కుబందీలో నాలుగు దిక్కుల హద్దుదారులుగా రాసిన ఆ నలుగురి వారసులు ఇప్పుడెవరు? దస్తావేజులో 'పెద్ద సుబ్బన్న' అని ఉంది, ఆధార్‌లో 'సుబ్బారెడ్డి' అని ఉంది, ఇద్దరూ ఒకరేనా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర ఎన్నో బ్యాంకు అప్పులు, ఎన్నో మ్యుటేషన్లు ఆగిపోయాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడబిడ్డల విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. వాళ్లకు వచ్చిన భాగం చీటీలో పుట్టింటి పేరుతో ఉంటుంది, పాసుపుస్తకం మెట్టినింటి పేరుతో అడుగుతారు. జవాబులు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఆ పేజీలనూ స్కాన్ చేసి అదే ఫోల్డరులో పెట్టాలి. రాయడానికి ఓపిక లేకపోతే ఫోన్ రికార్డర్ పెట్టి పెద్దాయనను మాట్లాడనివ్వొచ్చు.

అచ్చు అక్షరాలను కంప్యూటర్ చదివే ఓసీఆర్ తెలుగుకూ వచ్చింది. టెసరాక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్, గూగుల్ డ్రైవ్ రెండూ అచ్చు తెలుగును బాగానే పడతాయి. డాక్యుమెంట్ రైటర్ గొలుసుకట్టు రాతను మాత్రం వాటికి వదిలిపెట్టకూడదు. చేతిరాత కాగితాలకు పేరే దిక్కు.

పేర్లయ్యాక దాచే చోటు. పెన్‌డ్రైవ్‌లో వేసి అదే బీరువాలో పెట్టుకుంటే కాగితానికి వచ్చిన ఆపద దానికీ వస్తుంది. ఫొటోగ్రాఫర్ల లోకంలో పుట్టిన ఒక పద్ధతిని ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో. కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, బెంగళూరు కూతురి దగ్గరో క్లౌడ్‌లోనో ఒకటి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, చిన్న అక్షరాలు చెదురుతాయి. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించుకున్నవాళ్లు లేచే ముందు ఆ కంప్యూటర్లో ఫైళ్లు చెరిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించుకోవాలి. ఆధార్, పాన్, దస్తావేజు మూడూ ఒకేచోట దొరికితే దుర్వినియోగానికి దారి తెరిచినట్టే.

చట్టం ముందు ఈ ఫైలు విలువ ఎంతో కూడా తెలిసి ఉండాలి. 2015లో మొదలైన డిజీలాకర్‌లో సంస్థలు నేరుగా జారీ చేసిన పత్రాలు అసలుతో సమానం. ఇంట్లో స్కాన్ చేసి అందులోకి ఎక్కించినవి కావు. కోర్టులో అసలు దస్తావేజునే అడుగుతారు. అది పోయిందనో, తేలేమనో చూపగలిగినప్పుడే నకలు మాట వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ఇస్తే దానితో పాటు నిర్ణీత సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. అందుకే స్కాన్ అయ్యాక అసలును చించడం, తగలబెట్టడం వద్దు. పాత కరెంటు బిల్లులు, గడువు తీరిన గ్యారంటీ కార్డులు పారేయొచ్చు. భూమి, ఇల్లు, చదువు, పెళ్లి, పుట్టుక, మరణం కాగితాలు ఎప్పటికీ ఉంచుకోవాల్సినవే. వాటిని ప్లాస్టిక్ కవర్లో గట్టిగా బిగించకుండా, గుడ్డలోనో మందపాటి కాగితపు కవర్లోనో చుట్టి, నేలకు ఎత్తుగా ఉన్న ఇనుప పెట్టెలో పెట్టాలి. లామినేషన్ వద్దు. ఒకసారి చేశాక విప్పడం కుదరదు, లోపలి ముద్రను పరీక్షించడమూ కష్టమే.

పెట్టె మూసే ముందు ఇంకో గంట పని ఉంది. ఒక్కో కట్ట కాగితాలు లెక్కపెట్టి, ఫోల్డరులోని పేజీలతో సరిచూడాలి; రెండు కాగితాలు అతుక్కుని ఒకటిగా జారిపోయిన చోటు ఇక్కడే బయటపడుతుంది. పొడిగాలికి పుట్టే విద్యుదావేశంతో వేసవిలో ఇది తరచుగా జరుగుతుంది. తక్కువైన పేజీని వెతికి మళ్లీ పెట్టాలి. తర్వాత కట్ట మీద ఒక చీటీ: ఇందులో ఎన్ని కాగితాలున్నాయి, ఏ ఫోల్డరులో ఉన్నాయి, హార్డ్‌డిస్క్ ఎవరి దగ్గర ఉంది. ఆ చీటీ ఇంట్లో కంప్యూటర్ ముట్టనివాళ్ల కోసం. కాబట్టి తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయాలి.